కారు లోపల ప్లాస్టిక్ చేతికి జిగురులా అంటుకుంటోందా? పాలిష్ రాస్తే పోదు.. అసలు చేయాల్సింది ఇదీ!

పదేళ్లు దాటిన కారు వాడుతున్నవాళ్లకు, సెకండ్ హ్యాండ్‌లో కాస్త ఖరీదైన కారు కొన్నవాళ్లకు ఈ తలనొప్పి బాగా తెలుసు. ఎండలో నిలిపిన కారు ఎక్కి డోర్ హ్యాండిల్ పట్టుకుంటే వేళ్లకు నల్లగా జిగురు అంటుకుంటుంది. పవర్ విండో స్విచ్ నొక్కితే వేలు అతుక్కుని వదలదు. సెంటర్ కన్సోల్ మీద ఫోన్ పెడితే దాని వెనకాల కూడా మరక. తుడిస్తే ఆ పూటకు బాగానే ఉంటుంది, మర్నాటికి మళ్లీ మామూలే.

చాలా మంది దీన్ని మురికి అనుకుంటారు. కార్ వాష్‌లో డాష్‌బోర్డు పాలిష్ కొట్టిస్తారు, ఇంట్లో పౌడర్ చల్లుతారు, కొబ్బరి నూనె రాస్తారు. కానీ అది మురికి కాదు. ప్లాస్టిక్ మీద కంపెనీ వేసిన మెత్తటి పూత పాడైపోయి, కరిగిపోతోంది. పాడైన పూతకు పైన ఏం రాసినా మళ్లీ ప్రాణం రాదు. దాన్ని తీసేయాలి, లేదంటే ఆ భాగాన్ని మార్చాలి. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే డబ్బు, టైమ్ రెండూ మిగులుతాయి.

అయితే కారులో కొన్ని చోట్ల ఈ పని సొంతంగా చేయొచ్చు, కొన్ని చోట్ల అస్సలు చేయి పెట్టకూడదు. ఎక్కడ ఏంటో వివరంగా చూద్దాం.

అసలు ఈ జిగురు ఎక్కడి నుంచి వస్తుంది?

కారు లోపల కనిపించే ప్లాస్టిక్ చాలా వరకు గట్టిదే. చేతికి రబ్బరులా మెత్తగా తగలాలని, చవకగా కనిపించకూడదని దాని మీద పలుచటి పెయింట్ లాంటి పూత వేస్తారు. దీన్నే సాఫ్ట్ టచ్ కోటింగ్ అంటారు. ఇది ఎక్కువగా పాలీయురేథేన్‌తో తయారవుతుంది. 1937లో జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన పదార్థం ఇది. మనం కూర్చునే సోఫా ఫోమ్ దగ్గర్నుంచి బూట్ల సోల్ వరకు అన్నిట్లో ఉంటుంది.

దీనికో బలహీనత ఉంది. పాలీయురేథేన్‌లో పాలియెస్టర్ రకం ఉంటే, గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను మెల్లగా తెంపేస్తుంది. పొడవాటి గొలుసులు ముక్కలైతే గట్టిగా ఉండాల్సిన పూత జిగురుగా మారుతుంది. ఈ తెగిపోయే క్రమంలో కొంచెం ఆమ్లం కూడా పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా గొలుసులను ఇంకా వేగంగా తెంపుతుంది. అందుకే ఏళ్ల తరబడి బాగానే ఉన్న హ్యాండిల్ ఒక్క వేసవిలోనే బంకగా మారిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి లోపల పని ఎప్పుడో మొదలైపోయి ఉంటుంది.

దీనికి ఇంట్లోనే సాక్ష్యం దొరుకుతుంది. పెళ్లికి కొన్న ఖరీదైన బూట్లు బీరువా కింద ఐదారేళ్లు ఉంచి, ఒకరోజు తీసి వేసుకుంటే నాలుగు అడుగులకే సోల్ పొడిపొడిగా రాలిపోవడం చాలా మంది చూసే ఉంటారు. చాలాసార్లు అక్కడా జరిగింది ఇదే. మా ఫీల్డ్‌లో కూడా దీనికో చుట్టం ఉంది. పాత ఆడియో, వీడియో టేపుల్లో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు కూడా పాలీయురేథేనే. తేమకు అది పాడై టేపు ప్లేయర్‌కు అతుక్కుపోతుంది. అలాంటి టేపులను తక్కువ వేడిలో గంటల కొద్దీ ఉంచి, ఒక్కసారి ప్లే చేసి డిజిటల్‌లోకి కాపీ చేసుకుంటారు. కారు పూతకు మాత్రం ఆ వైద్యం లేదు.

తేమకు వేడి తోడైతే ఇంకా స్పీడు. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీ, కాలిఫోర్నియా శాన్ డియాగో యూనివర్సిటీ పరిశోధకులు 2018లో ప్రచురించిన లెక్క ప్రకారం, మండే ఎండలో గంట సేపు నిలిపిన కార్లలో డాష్‌బోర్డు వేడి సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. స్టీరింగ్ 53 డిగ్రీలు. అదే నీడలో నిలిపితే డాష్‌బోర్డు 48 డిగ్రీల దగ్గర ఆగింది. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల మే నెల ఎండలు మనకు తెలిసినవే. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు అయితే ఎండతో పాటు సముద్రపు తేమ కూడా. ఈ పూతకు అంతకంటే గడ్డు వాతావరణం ఉండదు.

మనుషుల వల్ల జరిగేది కూడా ఉంది. చేతి చెమట, తలనూనె, సన్‌స్క్రీన్, శానిటైజర్ ఇవన్నీ పూతను మెత్తబరుస్తాయి. డీట్ అనే రసాయనం ఉన్న దోమల క్రీములు అయితే ప్లాస్టిక్‌నే తినేస్తాయి. డాష్‌బోర్డు మీద పెట్టే లిక్విడ్ పెర్ఫ్యూమ్ బాటిల్ ఒలికితే అక్కడ పూత బుడగలు లేచి ఊడిపోతుంది. వినాయకుడి బొమ్మ జారకుండా కింద వేసే జెల్ మ్యాట్ కూడా అంతే. దానిలోని మెత్తబరిచే నూనెలు పూతలోకి దిగి, మ్యాట్ ఆకారంలోనే మరక పడుతుంది.

కోట్ల ఫెరారీకి కూడా తప్పలేదు

ఇది చవక కార్ల జబ్బు కాదు. నిజానికి ఉల్టా. చవక కార్లలో మామూలు గట్టి ప్లాస్టిక్ ఉంటుంది, అది ఇరవై ఏళ్లయినా జిగురు కాదు. లగ్జరీ ఫీల్ కోసం పూత వేసిన కార్లకే ఈ బెడద. ఫెరారీ 360 మోడెనా, ఎఫ్430 కార్ల లోపలి బటన్లు జిగురుగా మారడం ప్రపంచమంతా తెలిసిన సంగతి. విదేశాల్లో ఈ బటన్లను బాగు చేయడమే పనిగా పెట్టుకున్న వర్క్‌షాపులు కూడా ఉన్నాయి. 1990ల చివరి నుంచి 2000ల వరకు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కార్లలో డోర్ హ్యాండిళ్లు, స్విచ్‌ల చుట్టూ ఉండే పూత ఊడటం మామూలే. మన దగ్గర 2001లో వచ్చిన మొదటి తరం స్కోడా ఆక్టేవియా ఇప్పటికీ వాడుతున్నవాళ్లను అడిగితే చెబుతారు.

అమెరికాలో ఇంకో రకం గొడవ జరిగింది. అక్కడ 2000ల కాలపు కొన్ని లెక్సస్, టయోటా, మజ్దా, నిస్సాన్ మోడళ్లలో డాష్‌బోర్డు పైభాగమే కరిగినట్టు మెరిసి, జిగురుగా మారింది. ఆ మెరుపు ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డు సరిగా కనిపించడం లేదని యజమానులు కోర్టులకెక్కారు. ఆ తర్వాత టయోటా కొన్ని మోడళ్లకు వారంటీ పొడిగించి డాష్‌బోర్డులు మార్చి ఇచ్చింది. అంటే ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదన్నమాట.

ముందు ఇది తేల్చుకోండి

మొదట సబ్బు నీళ్లతో మొదలుపెట్టండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, గుడ్డ తడిపి గట్టిగా పిండి తుడవండి. ఆరాక ఒక టిష్యూ పేపర్ తీసుకుని ఆ భాగం మీద నొక్కి పట్టి వదలండి. టిష్యూ నూగు అతుక్కోకపోతే అది కూల్‌డ్రింక్ జిగురో, పాత పాలిష్ మడ్డో అయ్యుంటుంది. అక్కడితో పని అయిపోయినట్టే. నూగు అతుక్కుంటే పూత పోయినట్టు లెక్క.

తర్వాత గోరుతో తట్టి చూడండి. టక్ టక్‌మని గట్టి చప్పుడు వస్తే కింద గట్టి ప్లాస్టిక్ ఉంది, పైన పలుచటి పూత ఉంది. ఇది ఇంట్లో బాగు చేసుకోగలిగే రకం. డోర్ హ్యాండిల్, స్విచ్ ప్యానెల్, గేర్ చుట్టూ ఉండే ఫ్రేమ్, కప్ హోల్డర్, గ్లవ్ బాక్స్ మూత ఎక్కువగా ఇలాంటివే.

వేలితో నొక్కితే లోపలికి దిగుతోందా? అయితే అది ఫోమ్ మీద అతికించిన తోలు లాంటి పొర. పెద్ద కార్ల డాష్‌బోర్డు పైభాగం, డోర్ ప్యాడ్ ఇలా ఉంటాయి. అక్కడ జిగురు వస్తోందంటే పొరే పాడైంది. దాన్ని రుద్ది తీసేస్తే కింద మిగిలేది ఫోమే. కాబట్టి అక్కడ కింద చెప్పే పద్ధతి వాడొద్దు.

స్టీరింగ్ సంగతి వేరు. లెదర్ స్టీరింగ్ జిగురుగా ఉంటే చాలాసార్లు అది నిజంగానే చేతుల నూనె, మురికే. లెదర్ క్లీనర్‌తోనో, సబ్బు నీళ్ల గుడ్డతోనో రెండు మూడు సార్లు తుడిస్తే పోతుంది. అప్పటికీ పోకపోతే సీట్ కవర్లు కుట్టే షాపులో కొత్త కవర్ కుట్టించుకోవడం మేలు. తొడిగే రకం వదులు కవర్లు మాత్రం వద్దు, మలుపులో చేతిలో జారిపోతాయి.

తీసే పద్ధతి ఇదీ

ఈ పనికి కావాల్సింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. అందరూ ఐపీఏ అంటారు. సెల్ రిపేర్ షాపుల్లో బోర్డులు శుభ్రం చేసేది దీంతోనే. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మేచోట అడగొచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. కొన్ని వందల రూపాయల్లో వచ్చే అర లీటరు బాటిల్ నాలుగు డోర్ల హ్యాండిళ్లకు, స్విచ్ ప్యానెళ్లకు సరిపోతుంది. 70 శాతం ఉన్నది నెమ్మదిగా ఆరుతుంది, 99 శాతం ఉన్నది చురుగ్గా పనిచేసి వెంటనే ఆవిరైపోతుంది. ఏదైనా పర్వాలేదు. ఇంట్లో మిగిలిపోయిన శానిటైజర్ జెల్ మాత్రం వాడొద్దు. దాంట్లో చిక్కదనం కోసం, చర్మం కోసం కలిపినవి మిగిలిపోయి కొత్త జిగురు తయారవుతుంది.

మొదలుపెట్టే ముందు కనిపించని మూలలో పరీక్ష తప్పనిసరి. కాటన్ బడ్‌ను ఐపీఏలో ముంచి కాస్త రుద్దండి. బడ్ నల్లబడితే పూత కరుగుతోంది, పద్ధతి పనిచేస్తుంది. అలాగే కింద బయటపడిన ప్లాస్టిక్ రంగు చూడండి. నల్లగానో, ముదురు బూడిద రంగులోనో ఉంటే అదృష్టం, పూత తీశాక అలాగే వదిలేయొచ్చు. కింద తెలుపో, గోధుమ రంగో ఉంటే తర్వాత పెయింట్ పని కూడా ఉంటుందని ముందే అనుకోండి.

కారు నీడలో ఉండాలి, నాలుగు డోర్లు తెరిచి ఉండాలి, ఇంజిన్ ఆపి తాళం తీసేయాలి. ఐపీఏకు ఇట్టే మంట అంటుకుంటుంది. సిగరెట్, అగరుబత్తి దగ్గర్లో ఉండకూడదు. చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. చుట్టుపక్కల స్క్రీన్, మీటర్ అద్దం, మెరిసే నల్ల ప్లాస్టిక్, లెదర్ సీటు ఉంటే వాటిని పేపర్, మాస్కింగ్ టేప్‌తో కప్పేయండి. వాటి మీద ఆల్కహాల్ పడితే మసకబారుతాయి.

బాటిల్ నుంచి నేరుగా ప్లాస్టిక్ మీద పోయొద్దు. గుడ్డకు పోసి, ఆ తడి గుడ్డను జిగురు ఉన్నచోట పట్టీలా పరచండి. పైన వంటింట్లో వాడే పలుచటి ప్లాస్టిక్ కవర్ చుట్టండి, అలా అయితే వెంటనే ఆవిరైపోదు. ఐదు నుంచి పది నిమిషాలు ఆగితే పూత ముడతలు పడుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే నల్లటి మడ్డలా వచ్చేస్తుంది. మూలల్లో టూత్‌పిక్, గరుకు డిజైన్ ఉన్నచోట పాత టూత్ బ్రష్. చాకు, బ్లేడు, స్టీలు పీచు వాడొద్దు, గీతలు శాశ్వతంగా ఉండిపోతాయి.

ఇక్కడ చాలా మంది చేసే పొరపాటు ఒకటుంది. అదే గుడ్డతో మళ్లీ మళ్లీ రుద్దుతారు. అలా చేస్తే తీసిన జిగురే తిరిగి పూసినట్టు అవుతుంది. పాత బనీను ముక్కలు ఇరవై ముప్పై కత్తిరించి పెట్టుకుని, నల్లబడగానే పారేయండి. మొదటి విడత తర్వాత ముందుకంటే అసహ్యంగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. రెండు మూడు విడతలకు కింద గట్టి ప్లాస్టిక్ తేలుతుంది. చివరగా సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఒక డోర్ స్విచ్ ప్యానెల్‌కు గంట, సెంటర్ కన్సోల్‌కు పూట పడుతుంది. వాడిన గుడ్డలను కారులోనో, వంటింటి చెత్తబుట్టలోనో వేయకండి. ఆరుబయట పూర్తిగా ఆరాకే పారేయాలి.

పెట్రోల్, థిన్నర్ ఎందుకు వద్దంటే..

"ఇదంతా ఎందుకన్నా, పెట్రోల్ గుడ్డతో తుడిస్తే ఒక్క నిమిషం" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి షెడ్డులో ఉంటారు. జిగురు పోతుందేమో కానీ, పెట్రోల్ ఆవిరి మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా మంట అందుకోగలదు. మూసి ఉన్న కారులో, పక్కనే వైరింగ్ ఉండగా పెట్రోల్ గుడ్డ పట్టుకోవడం అంటే ప్రాణాలతో ఆటే. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ పూతతో పాటు కింద ఉన్న ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ను కూడా కరిగిస్తాయి. అలా కరిగినచోట నున్నగా గుంట పడుతుంది, దాన్ని ఎవరూ సరిచేయలేరు.

పౌడర్ చల్లితే వారం రోజులు ఓకే, తర్వాత జిగురులో కలిసి బూడిద రంగు ముద్ద అవుతుంది. సిలికాన్ పాలిష్, కొబ్బరి నూనె మెరుపు ఇస్తాయి. ఆ మెరుపే అద్దంలో ప్రతిబింబిస్తుంది, దుమ్మును కూడా లాగుతుంది. పైగా తర్వాత పెయింట్ వేయాలనుకుంటే సిలికాన్ ఉన్నచోట పెయింట్ అస్సలు పట్టదు.

బటన్ల దగ్గర జాగ్రత్త

ఏసీ, మ్యూజిక్, పవర్ విండో బటన్ల మీద ఉండే గుర్తులు చాలా కార్లలో అచ్చు వేసినవి కావు. అపారదర్శకమైన తెల్ల ప్లాస్టిక్ అనుకుంటాం కానీ, కింద ఉండేది వెలుతురు పోనిచ్చే ప్లాస్టిక్. దాని మీద నల్ల పూత వేసి, గుర్తు ఆకారంలో లేజర్‌తో పూతను చెక్కేస్తారు. రాత్రి లైట్ ఆ చెక్కిన గీతల్లోంచే వస్తుంది. మీరు ఐపీఏతో పూత మొత్తం తీసేస్తే గుర్తు మాయమవుతుంది, రాత్రి బటన్ మొత్తం బల్బులా వెలుగుతుంది. ఏది ఏ బటనో తెలియదు.

అందుకే బటన్ల పైముఖం జోలికి పోకుండా అంచులు మాత్రమే శుభ్రం చేసుకోవడం నయం. పైముఖం కూడా బాగా పాడైతే స్విచ్ మొత్తం మార్చడమే దారి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత కార్ల నుంచి తీసిన స్విచ్‌లు వెతికితే దొరుకుతాయి. తీసుకునే ముందు టిష్యూ పరీక్ష అక్కడే చేయండి. అదే వయసు కారు నుంచి తీసిన ముక్కకు అదే జబ్బు ఉండే చాన్స్ ఎక్కువ. ప్యాకెట్ విప్పని కొత్త ముక్క అయినా, గోడౌన్‌లో పదిహేనేళ్లు ఉంటే దాని పూత కూడా పాడవుతుంది. తేమకు ప్యాకెట్ పెద్ద అడ్డు కాదు.

పూత తీశాక ఏం చేయాలి?

నా మాట వింటే, కింద నల్ల ప్లాస్టిక్ బాగుంటే ఏమీ చేయకండి. మెత్తదనం పోతుంది, కానీ ఇక ఎప్పటికీ జిగురు కాదు. కాస్త తెల్లబారినట్టు కనిపిస్తే మెరుపు లేని, నీటితో తయారైన ప్లాస్టిక్ ప్రొటెక్టెంట్ పలుచగా రాస్తే చాలు.

పెయింట్ వేయాలనుకుంటే ఆ ముక్కను విప్పి బయటికి తీయాలి. వెనకవైపు చూస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో ప్లాస్టిక్ పేరు అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్, పీసీ ఏబీఎస్ అని ఉంటే పెయింట్ సులువుగా పడుతుంది. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్, బకెట్లు తయారు చేసే రకం. దానికి పెయింట్ అంటుకోదు. ముందు ప్లాస్టిక్ ప్రైమర్ లేదా అడ్హెషన్ ప్రమోటర్ కొట్టకపోతే నెల తిరగకుండా పొట్టులా లేస్తుంది. 800 నంబర్ ఎమెరీ పేపర్‌తో తడిపి తేలిగ్గా రుద్ది, ఆరాక ప్రైమర్, దాని మీద సాటిన్ నలుపు స్ప్రే మూడు పలుచటి కోట్లు. ఒక్కసారే మందంగా కొడితే కారుతుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, తేమకు పెయింట్ పాలిపోయి తెల్లమచ్చలు వస్తాయి. ఆరాక కూడా ఒకటి రెండు రోజులు బయటే ఉంచి, వాసన తగ్గాక బిగించండి.

హార్డెనర్ కలిపి కొట్టే టూకే పెయింట్ ఎక్కువ కాలం ఉంటుంది. కానీ దాంట్లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. మామూలు మాస్క్ దాన్ని ఆపలేదు. అది సరైన రెస్పిరేటర్, బూత్ ఉన్న పెయింటింగ్ షాపుకే వదిలేయండి. మళ్లీ సాఫ్ట్ టచ్ పెయింటే వేస్తామని ఎవరైనా అంటే మాత్రం ఆలోచించుకోండి. మళ్లీ అదే కథ మొదలవుతుంది.

ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట చేయి పెట్టొద్దు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంతకుముందే ఖరీదైన మోడళ్లలో రెండు, నాలుగు, ఆరు ఎయిర్‌బ్యాగులు కూడా వచ్చేవి. సాఫ్ట్ టచ్ పూత ఉన్న పాత కార్లలో చాలా వాటికి ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. స్టీరింగ్ మధ్య భాగం, ఎడమవైపు డాష్‌బోర్డు, సీటు పక్క, కొన్నింట్లో అద్దం పక్కన ఉండే పిల్లర్. ఎస్ఆర్ఎస్ అనో, ఎయిర్‌బ్యాగ్ అనో ఇంగ్లిష్‌లో రాసి ఉన్న ప్రతిచోటా లోపల పేలే పరికరం ఉందని గుర్తుపెట్టుకోండి.

ఆ ప్యానెళ్లను సబ్బు నీటి గుడ్డతో తుడవడం వరకే మన పని. విప్పడం, రంగు వేయడం, ఏదైనా అతికించడం వద్దు. పక్క ప్యానెల్ విప్పేటప్పుడు పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కు సాధారణంగా పసుపు రంగే వాడతారు. దాని చుట్టుపక్కల పని ఉంటే బ్యాటరీ కనెక్షన్ తీసి, మీ కారు మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాకే చేయాలి. అది కూడా తెలిసిన మెకానిక్‌తోనే.

అసలు ప్రమాదం రెగ్జిన్ పనిలో ఉంది. జిగురు డాష్‌బోర్డుకు చాలా షాపులు చెప్పే పరిష్కారం ఒక్కటే, మొత్తం డాష్‌బోర్డుకు రెగ్జిన్ చుట్టేయడం. చూడ్డానికి కొత్త కారులా మారిపోతుంది. కానీ ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూతకు కంపెనీ కావాలనే ఒక బలహీనమైన గీత పెడుతుంది. గుద్దుకున్నప్పుడు ఆ గీత దగ్గర చీలి బ్యాగ్ బయటికి రావాలి. ఇదంతా సుమారు 30 నుంచి 50 మిల్లీసెకన్లలో, కనురెప్ప పడేలోపే జరిగిపోతుంది. ఆ గీత మీద గట్టి రెగ్జిన్, గమ్ అడ్డం ఉంటే బ్యాగ్ ఆలస్యంగా రావొచ్చు, పక్కదారి పట్టొచ్చు. మూత పైన పెట్టిన దేవుడి బొమ్మ, ఫోన్ స్టాండ్ అయితే ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం మీదికే ఎగురుతుంది. పెద్దలకు చెబితే బాధపడతారేమో కానీ, బొమ్మను మధ్యకు జరపండి చాలు.

కాబట్టి రెగ్జిన్ వేయించాలనుకుంటే షాపులో ముందే చెప్పండి, ఎయిర్‌బ్యాగ్ మూత వదిలేసి మిగతాది చేయమని. "అన్నీ అలాగే చేస్తాం సార్, ఏం కాదు" అంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి.

మళ్లీ రాకుండా..

ఇంకా బాగున్న పూతను కాపాడుకోవాలంటే పెద్ద ఖర్చేం లేదు. ముందు అద్దానికి వెండి రంగు సన్‌షేడ్ పెట్టండి. చెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది. గ్లాసులకు నల్ల ఫిల్మ్ వేయించేద్దాం అనుకుంటే, 2012లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పోలీసులు చలాన్లు రాస్తున్న సంగతి మర్చిపోకండి. కారు కడిగాక లోపల తేమ ఆరకుండా కవర్ కప్పేయడం మంచిది కాదు. చేతికి శానిటైజర్, క్రీమ్ రాసుకుంటే ఆరాకే స్టీరింగ్, స్విచ్‌లు ముట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నారా?

జిగురు ఉందని మంచి కారును వదులుకోవాల్సిన పని లేదు. ఇంజిన్‌కు, గేర్ బాక్స్‌కు దీంతో ఏ సంబంధం లేదు. పైగా బేరానికి మంచి ఆయుధం. స్విచ్ ప్యానెళ్లు, హ్యాండిళ్లు మాత్రమే అయితే ఇంట్లో అయ్యే పని. డాష్‌బోర్డు పైపొర కరిగి ఉంటే మాత్రం పెద్ద ఖర్చే, ఆ మేరకు రేటు తగ్గించమనండి.

పాలిష్ మెరుపుతో తళతళలాడే కారును మధ్యాహ్నం ఎండలో, ఒక గంట బయట నిలిపాక చూడండి. ఉదయం చల్లపూట జిగురు బయటపడదు. డాష్‌బోర్డుకు కొత్తగా రెగ్జిన్ వేసి ఉంటే ఎడమవైపు ఎయిర్‌బ్యాగ్ మూత దగ్గర వేలితో తడిమి చూడండి, కుట్టు లేకుండా ఒకే ముక్కగా కప్పేశారేమో తెలుస్తుంది. తర్వాత తాళం ఆన్ చేయండి. మీటర్‌లో ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే సిస్టమ్‌లో లోపం ఉంది. అసలు వెలగనే వెలగకపోతే అది ఇంకా అనుమానించాల్సిన విషయం, లోపం కనిపించకుండా బల్బు పీకేసి ఉండొచ్చు. అలాంటి కారును స్కానర్ ఉన్న సర్వీస్ సెంటర్‌లో చెక్ చేయించాకే అడ్వాన్స్ ఇవ్వండి.